పీపాలో మాగిన బీరు: ఏ పులుపు గుణం, ఏ పులుపు దోషం?

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాము. గత నెలలో ఆఫీసు మిత్రులు దగ్గరలోని ఒక చిన్న బ్రూవరీకి తీసుకువెళ్లి, చెక్క పీపాల్లో నెలల తరబడి ఉంచిన బీర్లు నాలుగు రుచి చూపించారు. మొదటి రెండూ నల్లగా, చిక్కగా, విస్కీ వాసనతో ఉండి బాగానే అనిపించాయి. మూడవది ఎర్రగా ఉంది, నోరు ముడుచుకుపోయేంత పులుపు, పైగా తోలు వాసన. నాలుగవది మళ్లీ నల్లనిదే గాని, అదీ కొంచెం పుల్లగా తగిలింది. నల్గొండ దగ్గరి మా పల్లెలో సాయంత్రానికి పులిసిపోయే కల్లు గుర్తుకొచ్చి, ఇవి పాడయ్యాయేమోనని అనుమానం కలిగింది. మొహమాటపడి అడగలేకపోయాను. పాడైనదాన్ని ఎలా గుర్తుపట్టాలి?
— ఒక పాఠకుడు, ఫ్రీమాంట్

జవాబు: మీ నాలుక మీకు సరిగ్గానే చెప్పింది. మూడవ గ్లాసులోని పులుపు ఆ బీరు చేసినవారు కోరి తెచ్చుకున్నది. నాలుగవ గ్లాసులోని పులుపు మాత్రం, అది పుల్లని బీరని వారు ముందుగా చెప్పి ఉండకపోతే, దోషమనే అనుకోవాలి. రెండూ పులుపే అయినా ఒకటి గుణం, ఒకటి దోషం ఎందుకయ్యాయో తెలియాలంటే ఆ బీర్లు ఏ పీపాల్లో మాగాయో చూడాలి.

నల్లని బీర్లు సాధారణంగా బోర్బన్ విస్కీ పీపాల్లో మాగుతాయి. అమెరికా నిబంధనల ప్రకారం బోర్బన్‌ను లోపలివైపు కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే పోయాలి. ఒకసారి వాడిన పీపా మళ్లీ బోర్బన్‌కు పనికిరాదు కనుక, సుమారు 200 లీటర్లు పట్టే ఆ పీపాలు బయటికి అమ్ముడుపోతాయి. షికాగోలోని గూస్ ఐలండ్ బ్రూవరీ 1990లలో జిమ్ బీమ్ అనే బోర్బన్ పీపాల్లో స్టౌట్ అనే తన చిక్కని నల్ల బీరును పోసి మాగబెట్టిన తరువాత ఈ పద్ధతి దేశమంతటా పాకింది. ఖాళీ అయిన పీపా పలకను అడ్డంగా కోస్తే లోపలి అంచున బొగ్గుపొర, దాని వెనుక చెక్కలో ఒక ఎర్రని గీత కనిపిస్తాయి. విస్కీ ఎంత లోతుకు ఇంకిందో చెప్పే గీత అది. ఆరు నెలలో, ఏడాదో ఆ పీపాలో ఉన్న బీరు చెక్కలో మిగిలిన విస్కీని తనలోకి లాక్కుంటుంది. కాల్చిన ఓక్ చెక్క నుంచి వెనిల్లా వాసన, పచ్చి కొబ్బరిని తలపించే కమ్మదనం, నాలుక అంచున కరక్కాయ లాంటి వగరు వస్తాయి. ఈ వరుసలో పులుపుకు చోటు లేదు.

మూడవది బహుశా వైన్ పీపాలో మాగినది. ఇది మీకు ఉత్తరాన, శాంటా రోసాలో ఉన్న రష్యన్ రివర్ బ్రూవరీ పేరు తెచ్చుకున్న విద్య. వారు పినో న్వార్ వైన్ పీపాల్లో పుల్లని చెర్రీలు వేసి ఒక ఎర్ర బీరును మాగబెడతారు. ఇలాంటి బీర్లలో పులుపునిచ్చే లాక్టిక్ బ్యాక్టీరియాతో పాటు బ్రెటనోమైసిస్ అనే ఈస్ట్‌ను కూడా కావాలనే చేరుస్తారు. 1904లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో క్లాసెన్ అనే శాస్త్రజ్ఞుడు ఇంగ్లండులో నిల్వ ఉంచే బీర్లను పరిశీలించి దీనిని గుర్తించాడు. ఆ పేరుకు అర్థం కూడా ‘బ్రిటిష్ శిలీంధ్రం’ అనే. మీకు తగిలిన తోలు వాసన దానిదే. కొందరికి అది గడ్డివాములా, మరికొందరికి పశువుల కొట్టంలా తోస్తుంది. కల్లు గుర్తుకు రావడంలో తప్పేమీ లేదు. లొట్టిలో పట్టి ఉన్న, గాలిలో తేలివచ్చిన ఈస్టులూ బ్యాక్టీరియా తాటినీరాను పులియబెట్టినట్లే, బ్రస్సెల్స్‌లో 1900 నుంచి నడుస్తున్న కాంటియోన్ బ్రూవరీలో కాచిన ధాన్యరసాన్ని వెడల్పాటి పళ్లెం లాంటి తొట్టిలో రాత్రంతా గాలికి వదిలి, ఆపైన పీపాలకు ఎక్కిస్తారు. కల్లు ఒక్క పూటలో చేరే పులుపుకు ఆ బీరు ఏళ్లు తీసుకుంటుంది. ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు మాగిన రసాలను కలిపితే గాని వారి గ్యూజ్ అనే బీరు తయారు కాదు. ఇంత ఓపిక ఉన్న పానీయాన్ని ఒక్క గుక్కలో పాడైందని పక్కన పెట్టేయకండి.

అయితే పుల్లని బీరు కూడా చెడిపోతుంది. పీపాలోకి గాలి మితిమీరి చేరితే సారా భాగం వెనిగర్‌గా మారుతుంది. నేను చూసిన ఒక పీపాల గదిలో, బీరు ఎంతవరకు మాగిందో చూడడానికి పైమూత తీయకుండా, పీపా ముఖాన దిగగొట్టిన స్టీలు మేకును పట్టకారుతో లాగారు. దారం లాంటి ధార గ్లాసులోకి దూకింది. రెండు గుక్కలకు సరిపడా పట్టి మేకును మళ్లీ నొక్కేశారు. మూత తీస్తే బీరు మీద కట్టిన పొర చెదిరి గాలి తగులుతుంది. రష్యన్ రివర్‌కు చెందిన విన్నీ సిలుర్జో ప్రచారంలోకి తెచ్చిన ఉపాయం కనుక దీనిని ‘విన్నీ మేకు’ అంటారు. నిమ్మ, చింత, పెరుగు పులుపులను తలపిస్తే నిశ్చింతగా తాగవచ్చు. ముక్కును పొడిచే వెనిగర్ ఘాటు గాని, గోళ్లరంగు తుడిచే మందు వాసన గాని వస్తే ఆ పీపా చేజారిందని అర్థం.

నాలుగవ గ్లాసు విషయంలో మొహమాటపడకుండా అడిగి ఉండవలసింది. గూస్ ఐలండ్ వారి 2015 నాటి పీపా బీర్లలోనే కొన్ని సీసాలు లాక్టోబాసిల్లస్ వల్ల పులిసిపోతే, ఆ సంస్థ మరుసటి ఏడాది కొన్నవారికి డబ్బు తిరిగి ఇచ్చి, ఆ తరువాతి నుంచి బీరును పాశ్చరైజ్ చేయడం మొదలుపెట్టింది. ఆ బ్యాక్టీరియా ఆరోగ్యానికి హాని చేసేది కాదు గాని, స్టౌట్ రుచిని చంపేస్తుంది. “ఇది పుల్లగా ఉండాలా?” అని మర్యాదగా అడిగితే, పనిమీద శ్రద్ధ ఉన్న బ్రూవరీవారు తామూ ఒక గుక్క తాగి చూస్తారు.

మీరు అడగకపోయినా ఒక లెక్క చెప్పాలి. ఈ నల్ల బీర్లలో ఆల్కహాల్ తరచుగా 12 నుంచి 14 శాతం ఉంటుంది. 13 శాతం బీరు 120 మిల్లీలీటర్లు తాగితే, 5 శాతం ఉండే 355 మిల్లీలీటర్ల మామూలు బీరు డబ్బాలో సుమారు ఎనిమిదో వంతు మాత్రమే తగ్గించి తాగినట్లే. చిన్న గ్లాసులే కదా అని నాలుగు ముగిస్తే మూడు డబ్బాలు దాటుతాయి. తిరిగి వచ్చేటప్పుడు కారు తాళం తాగనివారి చేతిలో ఉండాలి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి రెండేళ్ల క్రితం బోర్బన్ పీపాలో మాగిన స్టౌట్ సీసా ఒకటి తెచ్చాడు. ఫ్రిజ్‌లోనే ఉంది. ఇంకా ఉంచితే రుచి పెరుగుతుందా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఇక ఉంచకండి. నిల్వలో కొంతకాలం సారా ఘాటు తగ్గి ఎండు ఖర్జూరం లాంటి తీపి పైకి వస్తుంది గాని, ఆ తరువాత తడిసిన అట్టపెట్టె వాసన, సోయా సాస్ రుచి చేరతాయి. కాఫీ కలిపిన రకమైతే ఆ వాసన అన్నిటికంటే ముందు పోతుంది. అబ్బాయి ఈసారి ఇంటికి వచ్చినప్పుడు, తాగడానికి అరగంట ముందు ఫ్రిజ్ నుంచి తీసి బయట నిలబెట్టండి. మరీ చల్లగా ఉంటే చెక్క వాసన ఒక్కటీ బయటపడదు. ఒక్క సీసాను నలుగురూ పంచుకోండి. గ్లాసును అరచేతిలో పట్టుకుని, వాసన చూస్తూ, తీరిగ్గా తాగండి; మొదటి గుక్కలో కనిపించని కొబ్బరి, వెనిల్లా బీరు కాస్త వెచ్చబడ్డాక కనిపిస్తాయి.