కందిరీగల ల్యాబ్‌లో ఉద్యోగం: అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ పూర్తి చేసింది. పంట పురుగుల్ని అదుపు చేసే కందిరీగలను పెంచే ల్యాబ్‌లో ట్రైనీగా చేరతానంటోంది. అవి కుడతాయేమోనని నాకు టెన్షన్. అసలు ఇందులో భవిష్యత్తు ఉందా?

జవాబు: ముందు కుట్టడం సంగతి తేల్చేద్దామమ్మా. ఇలాంటి ల్యాబుల్లో ఎక్కువగా పెంచే ట్రైకోగ్రామా అనే కందిరీగ పొడవు అర మిల్లీమీటరు దగ్గర్లో ఉంటుంది. దాని సూది పురుగు గుడ్డులోకి తన గుడ్డును దించడానికే, మన జోలికి రాదు. లోపల పుట్టిన పిల్ల ఆ గుడ్డునే తినేస్తుంది కాబట్టి పంటను కొరికే గొంగళి పురుగు పుట్టనే పుట్టదు.

మీరు భయపడాల్సింది వేరే ఉంది. ఈ కందిరీగలకు గుడ్లు కావాలి కదా, అందుకోసం కార్సైరా అనే రెక్కల పురుగును నూక గింజల మీద పెంచుతారు. నిజానికి ల్యాబ్‌లో చాలా చాకిరీ దీనికే. దాని రెక్కల పొలుసులు గాల్లో తేలుతూ ముక్కులోకి పోతాయి. అమ్మాయికి ఉబ్బసం, ఎలర్జీ ఉంటే డాక్టర్ని అడగకుండా చేర్చవద్దు. లేకపోయినా మాస్కు తప్పనిసరి.

ఆ గుడ్లను శుభ్రం చేసి, జిగురుతో కార్డుకు అతికించి, కాసేపు అతినీల లోహిత కిరణాల కింద పెడతారు. లోపలి పిండం చావకపోతే గొంగళ్లు పుట్టి పక్క గుడ్లను తినేస్తాయి. తర్వాత కార్డును కందిరీగలకు అప్పగిస్తారు. మూడు నాలుగు రోజులకు గుడ్లు నల్లబడితే పని జరిగినట్టే. వారం దాటాక కొత్త కందిరీగలు బయటికొస్తాయి. ఈ లెక్క సెలవులు చూడదు. ఒక్కరోజు ఏమరితే కార్డు పొలానికి చేరేలోపే కందిరీగలు ఎగిరిపోతాయి. తమాషా ఏమిటంటే, బ్రాకాన్ అనే మరో కందిరీగ కార్సైరా డబ్బాల్లో దూరిందంటే గొంగళ్లనే మట్టుబెడుతుంది. బయట మిత్రుడు, ల్యాబ్‌లో శత్రువు!

ఇక భవిష్యత్తు. కార్డులు అతికించడం దగ్గరే ఆగిపోతే ఎదుగుదల తక్కువే, దాపరికం ఎందుకు? నాణ్యత పరీక్షల వైపు వెళ్తే విలువ ఉంటుంది. ఈ కందిరీగల్లో ఫలదీకరణ జరగని గుడ్ల నుంచి సాధారణంగా మగవే పుడతాయి, పురుగు గుడ్లను పట్టేవి మాత్రం ఆడవి. తరాల తరబడి ల్యాబ్‌లోనే పెంచితే ఆడవాటి వాటా, ఎగిరే శక్తి తగ్గిపోవచ్చు. దాన్ని లెక్కగట్టి పట్టుకోగల మనిషి ప్రతి యూనిట్‌కీ కావాలి. అందుకు కీటక శాస్త్రంలో ఎమ్మెస్సీ, కాస్త గణాంక శాస్త్రం అవసరం. గ్రీన్‌హౌస్‌లలో తెల్లదోమ మీద వదిలే ఎన్‌కార్సియా అనే కందిరీగ వైపు వెళ్తే మొక్కల పెంపకం కూడా వచ్చి ఉండాలి, ఎందుకంటే తెల్లదోమ బతికేది ఆకుల మీదే. అయితే ఈ ఉద్యోగాలిచ్చే చోట్లు తక్కువ. సస్యరక్షణ సలహా, విత్తన పరిశోధన లాంటి దారులు కూడా తెరిచి ఉంచుకోమనండి.

చేరే ముందు పది రోజులు ఊరికే వెళ్లి రమ్మనండి. ఒక కార్డు అతికించి, అందులోంచి ఎన్ని బయటికొచ్చాయో భూతద్దం కింద తనే లెక్కపెట్టాలి. విసుగు పుట్టకపోతే చేరనివ్వండి. ఆదివారాలు ల్యాబ్‌కి ఎవరొస్తారో కూడా అప్పుడే అడిగి తెలుసుకోమనండి.