వానలో గోల్ఫ్ గ్లవ్: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: నేను విశాఖపట్నంలో గోల్ఫ్ ఆడతాను. ఇక్కడ వాన లేని రోజున కూడా చేయి చెమటతో తడిసిపోతుంది. ఈ మధ్య ఖరీదైన తెల్లని తోలు గ్లవ్ కొన్నాను. ఒక్క వానకే అది పట్టు తప్పి జారడం మొదలుపెట్టింది, మర్నాటికల్లా అప్పడంలా బిగుసుకుపోయింది. ఇంతకంటే మేలైన తోలు కొనాలా, లేక నేను దాన్ని వాడే తీరులోనే లోపముందా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: ఇంతకంటే మేలైన తోలు కొంటే నష్టం మరింత పెరుగుతుందే తప్ప తగ్గదు. ఖరీదైన గోల్ఫ్ గ్లవ్‌లను కాబ్రెట్టా అనే తోలుతో చేస్తారు. ఒంటిమీద ఉన్నికి బదులు వెంట్రుకలు పెరిగే గొర్రె జాతుల నుంచి ఆ తోలు వస్తుంది (మన నెల్లూరు గొర్రె కూడా అటువంటి వెంట్రుకల జాతిదే). పలుచగా, మెత్తగా ఉండి, క్లబ్ పిడిని ఒట్టి చేత్తో పట్టుకున్నంత స్పష్టంగా తెలియజేయడం దాని గొప్పతనం. పొడి వాతావరణంలో దానికి సాటి లేదు. అయితే నునుపైన ఆ తోలుకూ గ్రిప్‌కూ (పిడి మీది రబ్బరు తొడుగు) నడుమ సన్నని నీటి పొర చేరగానే పట్టు సడలిపోతుంది. అంతటితో ఆగక, నీటిని పీల్చుకున్న తోలు పోగులు ఉబ్బి సాగుతాయి, వాటిని మెత్తగా ఉంచే నూనెలు కొంత నీటితోపాటు బయటికి పోతాయి, ఆరే వేళ ఆ పోగులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి. మీ గ్లవ్ బిగుసుకుపోవడానికి కారణం ఇదే.

కాబట్టి వానకు వేరే గ్లవ్ ఉండాలి. రెయిన్ గ్లవ్ పేరుతో దొరికే వాటి అరచేతి భాగాన్ని సన్నని నూగు ఉండే మైక్రోఫైబర్ బట్టతో కుడతారు. ఆ నూగు నీటిని తనలోకి లాక్కుని, బట్టకూ గ్రిప్‌కూ నడుమ పొర నిలవనీయదు. అందువల్ల అవి పొడిగా ఉన్నప్పటికంటే తడిసినప్పుడే బాగా పట్టుకుంటాయి. తుంపర మొదలైన తొలి నిమిషాల్లో, గ్లవ్ ఇంకా సగం పొడిగా ఉండగా జారుతున్నట్టు అనిపిస్తే, సంశయించకుండా దాన్ని పూర్తిగా తడిపి ఆడండి. మామూలు గోల్ఫ్ గ్లవ్‌ను వాటం కాని చేతికి ఒక్కదానికే తొడుగుతారు గాని, వీటిని సాధారణంగా జతగా అమ్ముతారు, రెండు చేతులకూ తొడుక్కోవాలి. వానలో గ్లవ్ లేని చేయి జారుతుంది గనుక ఆ రెండో గ్లవ్‌ను సంచిలో దాచిపెట్టడంలో అర్థం లేదు.

చెమట సమస్య కొంత వేరు. దానికి జత గ్లవ్‌లు అక్కరలేదు. అరచేతి వైపు సింథటిక్ తోలు, వేళ్ల వెనుక గాలి ఆడే జాలీ బట్ట ఉన్న ఆల్ వెదర్ రకం సరిపోతుంది. పేరు చూసి దాన్ని జడివానకు కూడా నమ్ముకోకండి, అది ఉక్కపోతకూ చిరుజల్లుకూ మాత్రమే ఆగుతుంది. ఇక ఉరుము వినిపిస్తే ఏ గ్లవ్ గురించీ ఆలోచించకుండా క్లబ్బులు దించి లోపలికి వెళ్లిపోవాలి.

ఏ రకమైనా అరచేతి మీద ముడతలు పడకుండా, వేళ్ల కొసల్లో ఖాళీ మిగలకుండా ఒదిగి ఉండాలి. కొత్త గ్లవ్ వెల్క్రో పట్టీ చివరిదాకా వెళ్లి మూసుకుందంటే అది మీకు పెద్దదని అర్థం, ఎందుకంటే వాడుతున్నకొద్దీ గ్లవ్ సాగుతుంది, బిగించడానికి చోటు మిగలదు. ఇంటర్నెట్‌లో కొనేవారు చాలామంది తడబడే విషయం మరొకటి ఉంది. పెట్టెమీద లెఫ్ట్ హ్యాండ్ అని ఉంటే ఆ గ్లవ్ ఎడమ చేతికి తొడిగేదని అర్థం, అంటే అది కుడిచేతి వాటం ఆటగాళ్లది.

ఆట నడుస్తుండగా పొడి టవల్‌ను గొడుగు లోపలి ఊచలకు వేలాడదీసి, ప్రతి షాట్‌కు ముందు గ్రిప్‌ను తుడవండి. తోలు గ్లవ్‌తోనే నెట్టుకురావలసి వస్తే రెండు మూడింటిని జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకుని మార్చుకుంటూ ఉండండి, పటింగ్ వేళ (బంతిని నేలమీద దొర్లించి గుంటలో వేసేటప్పుడు) తీసి జేబులో వేసుకోండి. ఇన్ని చేసినా పట్టు దొరకకపోతే తప్పు గ్లవ్‌ది కాకపోవచ్చు. నూనె పట్టి నున్నగా మెరిసే పాత గ్రిప్‌ను గోరువెచ్చని సబ్బునీటితో తోమి చూడండి, అప్పటికీ మారకపోతే గ్రిప్ మార్పించండి.

ప్రశ్న: రెయిన్ గ్లవ్‌లు వాసన వస్తున్నాయి, తోలు గ్లవ్ మీద బూజు మచ్చలు పడ్డాయి. రెండింటినీ వాషింగ్ మెషీన్‌లో వేయవచ్చా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: తోలు గ్లవ్‌ను వేయకండి. పిండిన తడిగుడ్డతో తుడిచి, చేత్తో ఆకారం సరిచేసి, నీడలో ఫ్యాను గాలికి ఆరబెట్టండి. ఎర్రటి ఎండ, హెయిర్ డ్రయ్యర్, కారు డ్యాష్‌బోర్డు, ఈ మూడూ తోలును పగలగొడతాయి. పూర్తిగా ఎండకముందే, కాస్త చెమ్మ మిగిలి ఉండగా ఒకసారి తొడిగి వేళ్లు చాపి ముడిస్తే అది బిగుసుకోదు. బూజును ఆరుబయట మెత్తని పొడిగుడ్డతో తుడిచేయవచ్చు గాని, మచ్చ లోపలికి దిగితే ఆ గ్లవ్‌ను వదులుకోవడమే మేలు. ఆట ముగిశాక తడి గ్లవ్‌ను ఉండగా చుట్టి బ్యాగు జేబులో కుక్కి, వారం తర్వాత తీసేవారికి బూజు తప్పదు. ప్లాస్టిక్ కవర్ కూడా ఆరిన గ్లవ్‌కే పనికొస్తుంది, అందులో చెమ్మను పీల్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేస్తే మేలు.

రెయిన్ గ్లవ్‌లను చల్లని నీటిలో కొద్దిపాటి సబ్బుతో చేత్తో ఉతకండి, మెలితిప్పకుండా టవల్ మధ్య ఒత్తి నీరు తీయండి. ఉతికే ముందు వెల్క్రోను మూసేయాలి, లేకపోతే దాని కొక్కేలు అరచేతి నూగును పీకేస్తాయి. బట్టలు మెత్తబడటానికి వాడే ద్రావణం మాత్రం వద్దు, అది నూగు మీద పొరలా పరుచుకుని, నీటిని పీల్చే గుణాన్నే చెరుపుతుంది.

ప్రశ్న: పోటీలో రెండు చేతులకూ గ్లవ్‌లు తొడుక్కుంటే, గ్రిప్‌కు టవల్ చుట్టి ఆడితే పెనాల్టీ పడుతుందా?
- ఒక పాఠకుడు, సికింద్రాబాద్

సమాధానం: పడదు. గోల్ఫ్‌ను పర్యవేక్షించే ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ సంస్థలు కలిసి రూపొందించిన ఆట నియమాల్లో 4.3 ప్రకారం సాదా గ్లవ్‌లు, చేయి ఆరడానికి పౌడర్, గ్రిప్‌కు చుట్టే టవల్ లేదా చేతిరుమాలు అన్నీ సమ్మతమే. పట్టుకు అదనపు సాయమిచ్చే మెత్తలు, పట్టీలు వంటివి అమర్చిన గ్లవ్‌లకు మాత్రం అనుమతి లేదు. అమెరికా ఆటగాడు టామీ గెయినీ వానతో నిమిత్తం లేకుండా ఎప్పుడూ రెండు గ్లవ్‌లతోనే ఆడతాడు. 2012లో పీజీఏ టూర్ (అమెరికా వృత్తి గోల్ఫ్ పోటీల వరుస) పోటీ ఒకదాన్ని చివరి రౌండును 60 దెబ్బల్లోనే ముగించి గెలిచింది అలాగే.