రొమ్ములో గడ్డ: సూది పరీక్ష ఒక్కటే సరిపోతుందా?

తన అమ్మగారి రొమ్ములో గడ్డకు డాక్టర్ ఎఫ్‌ఎన్‌ఏసీ (సన్నని సూదితో కణాలు తీసి చూసే పరీక్ష) రాశారని, సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందని ఇంట్లో భయపడుతున్నారని, ఏం చేయాలని ఒకరు అడిగారు.

ముందు ఆ భయం సంగతి. ఈ పరీక్ష వల్ల జబ్బు ముదురుతుందనడానికి ఆధారం లేదు. భయంతో నెలలు గడిపేస్తేనే ప్రమాదం.

22 నుంచి 25 గేజ్ (సూది మందం కొలత; అంకె పెరిగేకొద్దీ సూది సన్నం) సన్నని సూదిని గడ్డలోకి పోనిచ్చి, అటూ ఇటూ కదిపి కణాలు లాగుతారు. వాటిని గాజు స్లైడ్ మీద పరిచి, రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తారు. కొద్ది నిమిషాల పని, సాధారణంగా మత్తు అక్కర్లేదు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. అది నీటితిత్తి అయితే నీరు లాగగానే అణగిపోతుంది. ఆ నీటిలో రక్తం కనిపిస్తే మాత్రం తప్పక ల్యాబ్‌కు పంపాలి.

అయితే ఇందులో వచ్చేవి విడివిడి కణాలే, కండ ముక్క కాదు. అందుకే క్యాన్సర్ అని తేలినా, అది పాలనాళాల లోపలే ఉందా, బయటికి పాకిందా అన్నది దీంతో తేలదు. చికిత్సను నిర్ణయించే ఈఆర్, పీఆర్ (క్యాన్సర్ కణాల మీది హార్మోన్ గ్రాహకాలు), హెర్2 (ఒక ప్రోటీన్) పరీక్షలకు కూడా ముక్క ఉంటేనే మేలు. ఆ ముక్కను లావుపాటి సూదితో, ఎక్కువగా 14 గేజ్‌తో, తీసేదే కోర్ బయాప్సీ. వీలున్న చోట నేరుగా అదే చేయించుకోవడం మంచిదని నా అభిప్రాయం.

రిపోర్టులో 'ఇన్‌అడిక్వేట్' అని వస్తే కణాలు చాలలేదని అర్థం, గడ్డ మంచిదని కాదు. 'బినైన్' (క్యాన్సర్ కాదు) అని వచ్చినా డాక్టర్ చేతికి తగిలిన తీరు, మామోగ్రామ్ లేదా అల్ట్రాసౌండ్, సూది పరీక్ష మూడూ ఒకే మాట చెప్పాలి. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా బయాప్సీ చేయమని అడగండి.