ఉపగ్రహం ఉండగా బెలూన్ దేనికి?

ప్రశ్న: స్ట్రాటో ఆవరణంలోని, అంటే వాతావరణపు పై పొరలోని, ధూళిని ఉపగ్రహాలు కొలుస్తూనే ఉన్నాయి కదా! మా పక్కనున్న గాదంకి నుంచీ, హైదరాబాద్ నుంచీ ఇంకా బెలూన్లు ఎగరేయడం దండగ కాదా?
– డిగ్రీ విద్యార్థిని, పాకాల

జవాబు: ఉపగ్రహం చేతికి ధూళి అంటదమ్మా, దానికి అందేది వెలుతురు మాత్రమే. 1984 నుంచి 2005 దాకా పనిచేసిన అమెరికా ఉపగ్రహ పరికరం సేజ్-2నే చూడండి. భూమి అంచున సూర్యుడు ఉదయించేటప్పుడూ, అస్తమించేటప్పుడూ అటు గురిపెట్టేది. గాలి పొరలను దాటివచ్చిన ఎండ ఎంత మసకబారిందో చూసి, ఏ ఎత్తున ఎంత ధూళి ఉందో లెక్కకట్టేవారు. చక్కటి పద్ధతే. కానీ 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలింది. అది చిమ్మిన గంధకపు వాయువు సల్ఫ్యూరిక్ ఆమ్లపు తుంపరగా మారి దట్టంగా పరుచుకునేసరికి, పొర కింది భాగం నుంచి సేజ్‌కు ఎండే అందలేదు. కొలవాల్సిన సరుకే ఎక్కువై కొలత ఆగిపోయింది! ఆ ఖాళీలు పూరించడానికి నేల మీది లేజర్లూ, బెలూన్లే దిక్కయ్యాయి.

2006లో వెళ్ళిన కాలిప్సో అనే ఉపగ్రహం ఎండ మీద ఆధారపడలేదు. తనే లేజర్ కాంతిని కిందికి పంపి, తిరిగివచ్చినదాన్ని కొలిచింది. దాని కొలతల్లోనే వెర్నియే అనే శాస్త్రవేత్త బృందం మన నెత్తి మీది ధూళి పొరను పట్టుకుంది. 2011లో ప్రకటించారు: రుతుపవనాల నెలల్లో, ఆసియా మీద, సుమారు 13 నుంచి 18 కిలోమీటర్ల ఎత్తున. అక్కడ మంచు మేఘాలూ ఉంటాయి. అయితే మంచు పలుకులు లేజర్ కాంతి కంపించే దిశను మార్చేస్తాయి, గుండ్రటి ద్రవ బిందువులు మార్చవు. ఆ తేడాతోనే మేఘాన్ని ఏరివేశారు. ఇంత చేసినా, ఆ పొర దేనితో తయారైందో ఉపగ్రహం చెప్పలేకపోయింది.

అందుకే నాసా, ఇస్రో కలిసి 2014 నుంచి ‘బటాల్’ పేరుతో బెలూన్లు ఎగరేశాయి. బెలూన్‌కు వేలాడే పెట్టెలో చిన్న పంపు గాలిని పీల్చి లేజర్ కిరణానికి అడ్డంగా పంపుతుంది. ఒక్కో రేణువుకు ఒక్కో మెరుపు. రేణువు పెద్దదైతే మెరుపూ పెద్దదే. 2017లో హైదరాబాద్ నుంచి వెళ్ళిన పెద్ద బెలూన్లు ఆ ధూళినే పట్టి తెచ్చాయి. పరీక్షిస్తే అందులో నత్రజని ఉన్న లవణం, నైట్రేట్, బయటపడింది. అదే ఏడాది ఖాట్మండు నుంచి ఎగిరిన రష్యా విమానం జియోఫిజికాలోని పరికరాలకూ అక్కడ అమోనియం నైట్రేట్ దొరికింది. దానికి కావలసిన అమోనియా పొలాల్లోని ఎరువుల నుంచీ, పశువుల పెంటకుప్పల నుంచీ వస్తుంది. ఉరుముల మేఘాలు దాన్ని పైకి మోసుకుపోతాయి. యూరియా బస్తా కోసం తెల్లవారకముందే వరుసలో నిలబడ్డ రైతుకు ఈ మాట చెప్పి చూడండి, ఏమంటాడో!

అన్నట్టు, మీ వైపు పొలాల్లో పారాచూట్‌తో ఏ పెట్టె అయినా దిగితే విప్పకండి. లోపల విద్యుత్ పరికరాలుంటాయి. పైగా విప్పితే శాస్త్రవేత్తల శ్రమంతా వృథా. దగ్గరలోని పోలీస్ స్టేషన్‌కు చెప్పండి.