కొత్త ఎక్స్‌టెన్షన్‌లన్నీ కొనాలా?

మీ దుకాణం వెబ్‌సైట్‌కు డాట్ కామ్ చిరునామా ఉంది. డాట్ షాప్, డాట్ స్టోర్ లాంటి కొత్త ఎక్స్‌టెన్షన్‌లు (చిరునామా చివరి తోకలు) కూడా కొనకపోతే పేరు ఎవరైనా తన్నుకుపోతారేమోనన్నది మీ భయం. అన్నీ కొనకండి, కొనలేరు కూడా. 2012లో, ఇంటర్నెట్ చిరునామాల వ్యవస్థను చూసే సంస్థ ఐకాన్ (ICANN) కొత్త ఎక్స్‌టెన్షన్‌లకు దరఖాస్తులు పిలిస్తే 1,930 వచ్చాయి. అప్పటికి 22గా ఉన్న సాధారణ ఎక్స్‌టెన్షన్‌లు ఆ తర్వాత వెయ్యి దాటాయి. వాటన్నిటికీ కాపలా కాయడం ఎవరి తరమూ కాదు.

మీ సరుకుకు దగ్గరగా ఉన్న ఒకటి రెండు తీసుకుని పాత చిరునామాకే మళ్లించండి. కొనేముందు రెండో ఏడాది ధర తప్పక చూడండి. మొదటి ఏడాది కారుచౌకగా ఇచ్చి, రెన్యువల్‌కు ఎన్నో రెట్లు అడిగేవారు చాలామంది.

అసలు డబ్బు పెట్టాల్సింది ట్రేడ్‌మార్కు మీద. అది చేతిలో ఉంటే, దురుద్దేశంతో మీ పేరు నమోదు చేసినవారిపై యూడీఆర్‌పీ (డొమైన్‌లు, అంటే వెబ్ చిరునామాల పేర్లపై వివాదాలు తేల్చే ఐకాన్ విధానం) కింద ఫిర్యాదు చేసి ఆ డొమైన్‌ను మీ పేరిట మార్పించుకోవచ్చు. 1999 నుంచి ఉన్న పద్ధతే ఇది.

గూగుల్ వెతుకులాటలో వెనకబడతామన్న బెంగ వద్దు. ఎక్స్‌టెన్షన్ కొత్తదైనంత మాత్రాన ర్యాంకు పెరగదు, తగ్గదు. ఈమెయిల్ మాత్రం డాట్ కామ్‌తోనే ఉంచండి. డాట్ ఫొటోగ్రఫీతో ముగిసే నా చిరునామాను ఒక ఫారం మూడుసార్లు ‘చెల్లదు’ అని తిప్పికొట్టింది.