టూఫోల్డ్, టెన్‌ఫోల్డ్‌లో ‘ఫోల్డ్’ అంటే నిజంగా మడతేనా? మరి జర్మన్‌లో ‘ఫఖ్’ ఎందుకు?

అవునండీ, మడతే. పంచెను మధ్యకి ఒకసారి మడిస్తే రెండు పొరలు వస్తాయి. టూఫోల్డ్ అన్నప్పుడు లెక్కపెట్టేది ఆ పొరలనే. మనకిది కొత్తేం కాదు. ‘ఉత్సాహం ఇనుమడించింది’ అంటాం కదా, ఆ ఇనుమడిలో ‘ఇను’ అంటే రెండు, ‘మడి’ అంటే మడత. ముమ్మడి, నూర్మడి కూడా అలా వచ్చినవే. సంస్కృతం వాళ్లు మాత్రం తాడు పేటలను చూశారు: గుణం అంటే పేట, ద్విగుణం అంటే రెండు పేటలు. మన గుణకారం అక్కడిదే.

ఈ ప్రత్యయం ఇంగ్లీషు, జర్మన్, డచ్ లాంటి జర్మానిక్ కుటుంబపు భాషలన్నిటిలోనూ ఉంది. నాలుగో శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ గోతిక్ అనే పాత జర్మానిక్ భాషలోకి అనువదించిన బైబిల్లో, సుంకాలు వసూలు చేసే జక్కయ్య నాలుగంతలు తిరిగిస్తానన్నచోట ‘ఫిదుర్‌ఫల్థ్’ అని ఉంటుంది. పాత ఇంగ్లీషులో అది ‘ఫెయాల్డ్’, ఐస్లాండిక్‌లో ‘ఫల్దుర్’. డచ్‌లో ‘ల్’ కరిగిపోయి ‘వౌట్’ అయింది. ఓల్డ్ ‘ఔట్’గా, కోల్డ్ ‘కౌట్’గా మారినట్టే ఇదీ. డచ్ వ్యాకరణంలో ఏకవచనం ‘ఎంకెల్‌వౌట్’, బహువచనం ‘మేర్‌వౌట్’. రెండింట్లోనూ ఆ మడత ఉంది. మెకానిక్ షెడ్డులో వినపడే మానిఫోల్డ్ కూడా ‘మెనీ’, ‘ఫోల్డ్’ కలిసిన పాత మాటే.

ఇక జర్మన్ సంగతి. అక్కడ ఎం.ఎస్. చదివే మొదటి ఏడాది, ఒక సెమినార్ రిపోర్టులో మా ప్రొఫెసర్ పద్ధతి సరళంగా ఉందని రాయబోయి ‘ఐన్‌ఫెల్టిగ్’ అని రాశాను. ‘ఐన్’ అంటే ఒకటి, ‘ఫల్ట్’ అంటే మడత, కాబట్టి ఒంటి మడత అంటే సింపుల్ అయి ఉంటుందనుకున్నాను. కానీ ఈ రోజుల్లో ఆ మాటకు అర్థం ‘బుర్ర తక్కువ’. ఆయన కోప్పడలేదు. కింద గీత గీసి, పక్కన ‘ఐన్‌ఫఖ్’ అని రాసిచ్చారు. ఎంత బాధపడ్డానో చెప్పలేను. ఈ ప్రత్యయం వెంటపడి చదవడం ఆ రోజే మొదలుపెట్టాను.

‘ఫఖ్’ అంటే అర, గడి. జర్మనీ పాత ఊళ్లలో కర్రల చట్రం మధ్య గడులు పూడ్చి కట్టిన ఇళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిని ‘ఫఖ్‌వెర్క్’ అంటారు, అందులోని ‘ఫఖ్’ ఆ గడే. రానురాను లెక్క చెప్పే పని మడత నుంచి ఈ గడికి మారింది: ‘త్స్వైఫఖ్’ రెండింతలు, ‘ద్రైఫఖ్’ మూడింతలు. మడతకు మిగిలినవి రకరకాలతనం, మతం, మనిషి స్వభావం. వైవిధ్యం ‘ఫీల్‌ఫల్ట్’, క్రైస్తవుల త్రిత్వం ‘ద్రైఫల్టిగ్‌కైట్’, నన్ను ఇబ్బంది పెట్టిన ‘ఐన్‌ఫెల్టిగ్’ కూడా ఆ కోవలోదే. స్వీడిష్‌లోనూ ‘ఎన్‌ఫాల్డిగ్’ అంటే తెలివితక్కువే. ఐస్లాండిక్‌లో మాత్రం ‘ఐన్‌ఫల్దుర్’ ఇప్పటికీ సింపుల్ అనే అర్థంలోనే వాడతారు.

మీరు జర్మన్ నేర్చుకుంటుంటే ఒక్క జత గుర్తుపెట్టుకోండి. చాలాసార్లు, అనేక రెట్లు అనాలంటే ‘ఫీల్‌ఫఖ్’. రకరకాలుగా ఉంది అనాలంటే ‘ఫీల్‌ఫెల్టిగ్’. భోజనం గురించి చెప్పేటప్పుడు మీకు కావలసింది రెండోది.