గ్రాసిలేరియాకు ఎల్‌ఈడీ దీపాలు: పంటకు వద్దు, విత్తనానికి వాడండి

మొగల్తూరు దగ్గర మీ రొయ్యల చెరువు పక్కన ఖాళీగా ఉన్న షెడ్డులో ట్యాంకులు కట్టి, ఎల్‌ఈడీ దీపాల కింద గ్రాసిలేరియాను (అగర్ అనే జిగురు పదార్థం తీసే ఎర్ర సముద్రపు నాచు) ఏడాది పొడవునా పెంచవచ్చా, చెరువు మీద కూడా రాత్రిళ్లు దీపాలు వేలాడదీస్తే దిగుబడి పెరుగుతుందా అని అడిగారు. చెరువు మీద దీపాలు శుద్ధ దండగ. షెడ్డులో దీపాలు కూడా పంట కోసమైతే దండగే గానీ, వరద నెలల్లో విత్తనాన్ని, అంటే మళ్లీ నాటుకునే నాచు కొసలను, బతికించుకోవడానికైతే అవి తప్పనిసరి. నేను ఉప్పాడ తీరంలో ఒక రొయ్యల హేచరీలో ఆల్గే ల్యాబ్ చూసుకునేవాణ్ణి. రొయ్య పిల్లలకు మేతగా వేసే సూక్ష్మ నాచు కీటోసెరాస్‌ను ట్యూబ్‌లైట్ల కింద పెంచడం అక్కడ రోజువారీ పని. ఇప్పుడు అల్లవరం వైపు చెరువు చేసుకుంటూ అదే పద్ధతిని నాచు విత్తనానికి వాడుతున్నాను.

ముందు చెరువు లెక్క చూద్దాం. మిట్టమధ్యాహ్నపు ఎండలో మొక్కకు పనికివచ్చే వెలుగు చదరపు మీటరుకు సెకనుకు సుమారు 2,000 మైక్రోమోల్స్ (కాంతి కణాల లెక్కకు వాడే కొలత) ఉంటుంది. గ్రాసిలేరియాకు అంత అక్కర్లేదు, 100 అందినా పెరుగుతుంది. ఆ 100ను దీపంతో ఇవ్వాలంటే, ఒక్కో వాట్‌కు 2 మైక్రోమోల్స్ ఇచ్చే మంచి గ్రో లైటు కొన్నా, చదరపు మీటరుకు 50 వాట్లు కావాలి. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు కనుక మొత్తం 200 కిలోవాట్లు దాటుతుంది. మన గట్ల మీద ఉండే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్లు రెండు పెట్టినా ఆ లోడు మోయలేవు. రాత్రి పన్నెండు గంటలు వెలిగిస్తే రోజుకు 2,400 యూనిట్లు కాలుతాయి. ఇంతా చేస్తే నాచుకు అదనంగా దక్కే వెలుగు, ఎండ బాగా కాసిన రోజున సూర్యుడు ఊరికే ఇచ్చేదానిలో పదో వంతు మాత్రమే.

షెడ్డులో పంట తీయడమూ గిట్టదు. కిరణజన్య సంయోగక్రియలో ఒక కర్బన పరమాణువు నాచులో చేరడానికి దాదాపు పది కాంతి కణాలు ఖర్చవుతాయి, ఎండిన నాచు బరువులో కర్బనం ఇంచుమించు 30 శాతం ఉంటుంది. ఈ రెండింటినీ కలిపి లెక్క కడితే, ఎక్కడా ఒక్క కిరణం కూడా వృథా కాలేదనుకున్నా కిలో ఎండు నాచుకు సుమారు 35 యూనిట్ల కరెంటు తేలుతుంది. నిజానికి గోడల మీద పడిపోయేది, నీరు తాగేసేది, రాత్రి శ్వాసక్రియలో పోయేది కలుపుకుంటే దానికి మూడు నాలుగు రెట్లు అవుతుంది. యూనిట్ ఏడు రూపాయలు అనుకుంటే, అగర్ తీసేవారు ఎండు గ్రాసిలేరియాకు ఇచ్చే ధర మీ కరెంటు బిల్లు దరిదాపుల్లోకి కూడా రాదు.

జపాన్, చైనా వీడియోల్లో దీపాల కింద నాచు కనిపించింది కదా అని మీరు రాశారు. అక్కడ దీపాల కింద కనిపించేది చాలా వరకు నారు దశ. జపాన్‌లో తినే నోరి నాచుకు గవ్వల్లో దాగి బతికే దశ ఒకటి ఉందని 1949లో కాథ్లీన్ డ్రూ-బేకర్ కనిపెట్టాక, ఆ దశను ట్యాంకుల్లో పెట్టి, పగటి నిడివిని తగ్గించి పెంచి, బీజాలు విడిచే సమయాన్ని రైతులు తమ చేతిలోకి తెచ్చుకున్నారు. చల్లని సముద్రాల్లో పెరిగే కెల్ప్ నాచు నారును ఎర్రని వెలుగులో సంతానోత్పత్తి దశకు చేరకుండా ఆపి ఉంచుతారు, నీలి వెలుగు తగిలాక అది సంతానోత్పత్తికి సిద్ధమవుతుంది. ఆ తర్వాత పంట పండేది సముద్రంలోనే, ఎండలోనే.

మన డెల్టాలో నాచుకు అసలు ఇబ్బంది తెచ్చేది ఎండ కొరత కాదు, గోదావరి వరద. ధవళేశ్వరం నుంచి ఎర్రనీరు దిగగానే కాలువల్లో, మడ చెట్ల మధ్య పాయల్లో సాలినిటీ (నీటిలో ఉప్పు) దాదాపు సున్నాకు పడిపోతుంది, బురద వల్ల వెలుగు లోపలికి దిగదు. నీటి తేటదనం చూడటానికి దించే సెకీ డిస్క్ అనే పళ్లెం 30 సెంటీమీటర్ల దగ్గరే కనుమరుగయ్యే నీటిలో, ఆ లోతుకు పైవెలుగులో ఐదో వంతు కూడా చేరదు, 60 సెంటీమీటర్ల దగ్గర మూడు శాతం మిగులుతుంది. అటువంటి నీటిలో దీపం వేసినా ఆ వెలుగునూ బురదే మింగుతుంది. నాచు గుత్తులు కట్టిన తాడును ఒక జానెడు పైకి కట్టడం, గుత్తుల మధ్య ఎడం పెంచడం, పైన పట్టిన పీచు పాకుడును చేత్తో దులపడం ఎక్కువ పని చేస్తాయి. రామనాథపురం తీరంలో పెంచే కప్పాఫైకస్ అనే నాచు గురించి కూడా అడిగారు. ఉప్పు తగ్గితే అది తట్టుకోదు, మన పాయలకు సరిపడదు.

ఇక దీపం నిజంగా ఉపయోగపడే చోటుకు వస్తాను. వరద రాకముందే, నీటిలో ఉప్పు 20 నుంచి 30 పీపీటీ (వెయ్యి భాగాల నీటిలో ఉప్పు భాగాలు) ఉన్నప్పుడే తోడి ట్యాంకుల్లో నిల్వ చేసుకుని, ఆరోగ్యంగా ఉన్న లేత కొసలను ఏరి షెడ్డులోకి తెచ్చుకోవాలి. ఉప్పు బోరు నీరు వాడితే ముందు బాగా గాలి కొట్టి ఇనుమును దిగనివ్వండి, పొటాషియం తక్కువగా ఉంటుంది కనుక రొయ్యలకు వేసే మినరల్స్ దీనికీ వేయండి. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న ట్యాంకు మీద మామూలు 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబ్‌లైట్లు రెండు సరిపోతాయి. చదరపు మీటరుకు 50 మైక్రోమోల్స్ పైనే వస్తుంది, విత్తనం నిలబడటానికి అది చాలు. పన్నెండు గంటలు వెలుగు, పన్నెండు గంటలు చీకటి పెడితే ట్యాంకుకు నెలకు పదిహేను యూనిట్ల లోపే ఖర్చు. ఫోనులో లక్స్ కొలిచే యాప్ ఉంటే నీటిమట్టం దగ్గర పెట్టి చూడండి: తెల్ల ఎల్‌ఈడీకి 70 లక్స్ అంటే ఒక మైక్రోమోల్ అనుకోవచ్చు, కాబట్టి 3,500 నుంచి 5,000 మధ్య ఉంటే బాగుంటుంది.

ఊదా రంగు గ్రో లైట్ల కోసం డబ్బు పోయకండి. అవి ఆకుకూరలను దృష్టిలో పెట్టుకుని, పచ్చ కాంతిని తగ్గించి చేసినవి. గ్రాసిలేరియాలో ఉండే ఫైకోఎరిత్రిన్ అనే ఎర్రని వర్ణకం సరిగ్గా ఆ పచ్చ కాంతినే పట్టుకుంటుంది, అందుకే చవకైన తెల్ల ట్యూబే దీనికి మేలు.

హేచరీలో పనిచేసిన అనుభవంతో ఒక మాట గట్టిగా చెప్పగలను. ట్యాంకులో నాచు ఎదగకపోతే చాలామంది ఇంకో దీపం తగిలిస్తారు, కానీ లోటు సాధారణంగా గాలిలో ఉంటుంది. నీరు కదలకపోతే నాచు చుట్టూ ఉన్న కార్బన్ డయాక్సైడ్ అయిపోయి పీహెచ్ (నీటి క్షారత కొలత) 9 దాటుతుంది, అప్పుడు ఎంత వెలుగు పోసినా అది పాకుడుకే మేత అవుతుంది. అడుగున గాలి పైపు వేసి గుత్తులు మెల్లగా దొర్లేటట్టు చూడండి, నీటిని వారానికోసారి కొంత మార్చండి, రేకుల షెడ్డు అయితే వేడి 30 డిగ్రీలు దాటకుండా పైన తాటాకు కప్పండి. లీటరుకు రెండు గ్రాములకు మించి నాచు వేయవద్దు. కరెంటు పోయిందని దీపాల కోసం జనరేటర్ వేయనక్కర్లేదు, ఒక రోజు చీకటిలో ఉన్నంత మాత్రాన నాచు చావదు.

ఎన్ని ట్యాంకులు కావాలన్నది వరద తగ్గాక మీకు ఎంత విత్తనం కావాలన్న దాన్ని బట్టి ఉంటుంది. రోజుకు మూడు శాతం పెరిగితే నాచు బరువు సుమారు 23 రోజులకు రెట్టింపవుతుంది, అంటే ఒక ట్యాంకులో కాపాడిన అరకిలో, చెరువులో తాళ్లకు కట్టాక మూడు నెలలకు దాదాపు ఎనిమిది కిలోలవుతుంది. ఎకరాల లెక్కన తాళ్లు కట్టాలంటే నాలుగైదు ట్యాంకులైనా ఉండాలి.

ఉప్పు నీటి మీద కరెంటు అన్నది మరిచిపోకండి. నీరు దూరని ఐపీ65 ఫిట్టింగులే వాడండి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఈఎల్‌సీబీ లేకుండా ఒక్క దీపం కూడా వెలిగించకండి, స్విచ్ బోర్డును షెడ్డు బయటి గోడకు పెట్టించి, ట్యాంకులో చెయ్యి ముంచేముందు మెయిన్ ఆపడం మీ పనివాళ్లకు అలవాటు చేయండి.